ఆ వానాకాలం తాలింఖానా మూతపడలేదు

మొన్న ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ, మా పాత వీధి గురించి ఎవరికో చెబుతున్నాడు. రంగూన్‌లో బోటాటౌంగ్ రేవు పక్కన మనవాళ్ళ కూలి బారకాసులుండేవట. వాటి చివర కర్రసాము నేర్పే తాలింఖానా ఉండేదట. "ఓ ఏడు వస్తాదుకి బుజం ఇరిగిపోనాది. వానాకాలమంతా తాలింఖానా మూతడిపోనాది. దసరాకి కొత్త వస్తాదొచ్చినాకే మల్లీ తెరిసేరు" అన్నాడు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మూతపడిందా? ఆయన అప్పటికి పుట్టనే లేదు. ఎవడో వాగింది పట్టుకొచ్చి ఇంకెవడికో వడ్డిస్తున్నాడు. పెళ్ళివారిల్లు కాబట్టి ఊరుకున్నాను. నేను ఊరుకోవడం ఎంత అరుదో మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. ఇంటికొచ్చి పడుకున్నా ఒళ్ళు మండుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. తాలింఖానా మూతపడలేదు. ఆ వానాకాలం అక్కడ సాము నేర్పింది నేను.

మేం రంగూన్‌లోనే కళ్ళు తెరిచినవాళ్ళం. మా అయ్యా, ఆయనతోటివాళ్ళూ సిక్కోలు వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో బియ్యం బస్తాలు మోసేవాళ్ళు. ఒక్కో గదిలో పదిమంది మగవాళ్ళు. కుటుంబాలతో ఉన్నవాళ్ళు తక్కువ, పిల్లలు ఇంకా తక్కువ. మా అమ్మ ఆ జట్టు మొత్తానికీ వండేది. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి జావ, మధ్యాహ్నం అన్నం, ఎండుచేపల పులుసు. తడిసిన గోనెల వాసన, ఓడల బొగ్గుపొగ, నది ఒడ్డున బురద, వీటన్నిటి మీదా ఎదురు వరస బర్మావాళ్ళ ఇళ్ళలోంచి నప్పి వాసన. చేపల్నీ రొయ్యల్నీ ఉప్పేసి పులియబెట్టి ముద్ద చేస్తారే, అది. మా అమ్మ ముక్కు మూసుకునేది. అమ్మ ఎండుచేప కాల్చిన రోజున వాళ్ళు మూసుకునేవాళ్ళు. సాయంత్రం ఆడవాళ్ళందరూ బారకాసు చెక్కమెట్ల మీద చేరి, చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, వీధిలో పోయే ప్రతివాణ్ణీ ఏదో ఒకటి అనేవాళ్ళు.

ఆ మెట్లకి కాస్త అవతల, ఒక పాత గిడ్డంగి గోడకి ఆనించి వేసిన రేకుల పాక మా తాలింఖానా. నది అవతల ట్వంటే నుంచి పడవలో తెప్పించి, జల్లించి పరిచిన మట్టి నేల. లోపల ఆంజనేయస్వామి పటం. నువ్వుల నూనె పట్టించి గోడకి చేరేసిన వెదురు కర్రలు. ముందు ఒక గడప. ఆ గడప దగ్గరే నాకు లోకంతో మొదటి తగువు. ఆడపిల్లలు దాన్ని దాటకూడదు. స్వామి బ్రహ్మచారి కాబట్టి అట. ఆ పటం వంక ఎన్నోసార్లు తేరిపార చూశాను. స్వామి నన్ను ఒక్కసారీ పొమ్మనలేదు. పొమ్మన్నవాళ్ళందరూ గెడ్డాలూ మీసాలూ ఉన్న మనుషులే.

వస్తాదుకి పెళ్ళాంబిడ్డలు లేరు. అంబలి మా ఇంటినుంచే వెళ్ళేది. తీసుకెళ్ళేది నేను. నాకు ఏడెనిమిదేళ్ళున్నప్పుడు ఒక పొద్దున్న చెంబు అక్కడ పెట్టి తిరిగి వస్తోంటే వెనకనించి పిలిచాడు.

"ఒలే గుంటా! ఆ పొట్టి కర్ర అందుకో."

"ఏటి సెయ్యాలి తాతా?"

"ఏటీ సెయ్యక్కర్నేదు. నాను కొడతాను. నువ్వు తగలనీకు."

అంతే ఆయన పాఠం. రోజంతా బస్తాలు మోసి పడుకున్న మగవాళ్ళు తెల్లారగట్ల లేచేవాళ్ళు కాదు. ఆయనకి చెయ్యి ఊరుకోదు, ఎదురు నిలబడడానికి ఎవరో ఒకరు కావాలి. గడప ఇవతల, వీధి పక్కనే, నేను నిలబడేదాన్ని. మొదట్లో మోచేతులూ మోకాళ్ళూ వాచిపోయాయి. అమ్మ పసుపు నూరి పట్టువేస్తూ ఇద్దర్నీ తిట్టేది. తర్వాత తర్వాత తగలడం తగ్గింది. అందరూ కొట్టడం నేర్చుకుని ఆ తర్వాత ఆపడం నేర్చుకుంటారు. నేను ఆపుతూ ఆపుతూ సాము మొత్తం అవతలి వైపు నించి నేర్చుకున్నాను. ఆయన భుజం కదిలిన తీరు చూస్తే చాలు, దెబ్బ ఎక్కడికొస్తుందో తెలిసిపోయేది. అలా నాలుగైదేళ్ళు గడిచాయి. నేను సాము నేర్చుకుంటున్నానని ఎవరూ అనుకోలేదు. అంబలి పట్టుకెళ్ళిన పిల్ల కాసేపు ఆడుకొస్తోంది అనుకున్నారు.

వానలు మొదలయ్యే ముందు రేవులో తాడు తెగి బస్తాలు జారాయి. వస్తాదు కుడి భుజం మీద పడ్డాయి. ఎముక అతికింది గానీ చెయ్యి నడుం దాటి పైకి లేవడం మానేసింది. దసరాకి తాలింఖానా వీధుల్లోకి రావాలి. వేరే జట్లవాళ్ళు చూస్తారు. మా జట్టు మేస్త్రికి అదే బెంగ. పరువు ఆయనది కదా. ఆయన మేనల్లుడొకడు అప్పుడే ఊరినించి దిగాడు. మంచి ఒడ్డూ పొడుగూ. మీసానికి రోజూ నూనె పెట్టేవాడు. అందులో సగం కర్రకి పెట్టినా కర్ర బాగుపడేది. ఆ దసరాకే అతనికి వస్తాదు పాగా చుట్టించాలని మేస్త్రి ఉద్దేశమట, అది నాకు తర్వాత తెలిసింది. చుట్టించాలంటే ముందు సాము రావాలి. నేర్పాలంటే వస్తాదుకి చెయ్యి లేదు.

ఒక సాయంత్రం అందరూ చేరి ఉండగా, వస్తాదు తిరగేసిన టీ పెట్టె మీద కూర్చుని, వీధిలో నిలబడ్డ నన్ను కేకేశాడు. "లోనికి రాయే."

మేస్త్రి గొడుగు ముడిచి లేచాడు. "వస్తాదూ! ఆడగుంటని గడప దాటిస్తన్నావేటి?"

"నా సెయ్యిని రప్పిస్తన్నాను" అన్నాడు వస్తాదు, నోట్లో చుట్ట తియ్యకుండా. "సెయ్యికి ఆడేటి, మగేటి?"

ఆ మాటకి నేను పొంగిపోయాను. పిచ్చిదాన్ని. గడప దాటి ఆ చల్లటి మట్టి మీద కాలు పెట్టినప్పుడు ఏనుగెక్కినట్టనిపించింది. ఆ రోజునించి నాకు 'వస్తాదు సెయ్యి' అని పేరు పడింది. ఆయన చెబుతాడు, నేను చేసి చూపిస్తాను, మగవాళ్ళందరూ చూసి చేస్తారు. బాగానే ఉంది. కానీ చేతికి నోరుండదని, దాన్నెవరూ ఏమీ అడగరని నాకు అప్పుడు తట్టలేదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. రంగూన్ వాన తెలియనివాళ్ళకి చెప్పడం కష్టం. రేకుల మీద పడితే పక్కనున్న మనిషి మాట కూడా గొంతు చించుకుంటే తప్ప వినపడదు. వస్తాదు గొంతు ముందే చిన్నది. భుజం విరిగాక ఇంకా నీరసించింది. టీ పెట్టె మీద కూర్చుని ఏదో చెబుతూనే ఉండేవాడు, పెదవులు కదులుతూనే ఉండేవి, చుట్ట పైకీ కిందకీ ఊగేది. ఒక్క ముక్కా వినపడేది కాదు. మరి పాఠం ఎవరు చెప్పారు? ఏ దెబ్బ తర్వాత ఏది, ఎవరి పాదం ఎక్కడ తప్పుతోంది, ఎవర్ని ఎవరితో నిలబెట్టాలి, అన్నీ ఎవరు చూశారు? ఆ పెళ్ళిభోజనం పెద్దమనిషిని అడగాలి.

ఒకరోజు మేస్త్రి మేనల్లుడు కాళ్ళు కొయ్యల్లా బిగించి కర్ర తిప్పుతున్నాడు. నా కర్రతో మోకాలి వెనక తట్టాను. "మోకాలొంచు."

"నువ్వేటే నాకు సెప్పీది? వస్తాదు సెప్పాల" అని కళ్ళెర్రజేశాడు.

నేను టీ పెట్టె వైపు చూశాను. వాన దంచేస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

"సెప్తన్నాడు కదేటి! నాకు బాగా ఇనపడతంది. మోకాలొంచరా గాడిదా అంతన్నాడు."

అందరూ వస్తాదు వైపు తిరిగారు. ఆయన నన్ను చూసి, వాణ్ణి చూసి, తాపీగా తలూపాడు. మేనల్లుడు మోకాలు వంచాడు. ఆ తర్వాత వస్తాదు చాలా అన్నాడు. 'ఒరే దున్నపోతా' అన్నాడు, 'ఆ మీసం తప్ప నీకేటొచ్చురా' అన్నాడు, 'మల్లీ మొదట్నించి సెయ్యి' అన్నాడు. అన్నీ నా నోటి ద్వారానే. వాన తెరిపిచ్చిన రోజుల్లో ఆయన ఏమీ అనకపోయేసరికి కుర్రాళ్ళు తెగ ఆశ్చర్యపడేవాళ్ళు.

ఎదురింట్లో ఒక బర్మా పిల్ల, నా ఈడుదే, బుగ్గలకి తనకా చెక్క అరగదీసిన గంధం పూసుకుని, చెక్కగోడ సందులోంచి ఇదంతా చూసేది. వాళ్ళమ్మ పొద్దున్నే మొహింగా అమ్మేది. చేపపులుసులో అరటిదవ్వ ముక్కలేసి, సన్నటి బియ్యపు సేమ్యా మీద పోసి ఇస్తుంది. ఒకరోజు ఆ పిల్ల నా దారికడ్డొచ్చి, సగం బర్మా, సగం సైగలతో, నాకూ నేర్పు అంది. వాళ్ళ పెరట్లో వంటపాక పక్కన చోటుంది, గడప లేదు. రెండో రోజుకి ఇంకో ఇద్దరు, ఆ తర్వాత వాళ్ళ చెల్లెళ్ళు. వాళ్ళకి ముందు ఆపడమే నేర్పాను, నేను నేర్చుకున్న వరసలోనే. పాఠం అయ్యాక వాళ్ళమ్మ గిన్నెడు మొహింగా పెట్టేది. నేను తినేసి, మామిడాకు నమిలి, మూతి తుడుచుకుని ఇంటికెళ్ళేదాన్ని. అమ్మ దగ్గరికి లాక్కుని వాసన చూసేది. "నప్పి కంపు కొడతన్నావేటే?" "ఈదంతా కొడతంది కదే అమ్మా!" అనేదాన్ని.

దసరా వచ్చింది. పొద్దున్నించీ డప్పులు. తాలింఖానా కుర్రాళ్ళందరూ నడుములకి ఎర్రగుడ్డలు బిగించి వీధిలో వరసలు చేశారు. ఒక్క పాదం తప్పలేదు. వేరే జట్టు వస్తాదు నోరు తెరుచుకుని చూశాడు. నాకు గుండె నిండిపోయింది. దెబ్బనాపే ప్రతి కాపులోనూ, ప్రతి అడుగులోనూ నా నాలుగు నెలల గొంతు నొప్పి ఉంది. పాగా ఎవరికని నేనెవర్నీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. నేర్పినవాళ్ళకే కదా!

తాలింఖానా ముందు పీట వేశారు. మేస్త్రి మేనల్లుడు వచ్చి కూర్చున్నాడు. కొత్త పాగా గుడ్డ వస్తాదు చేతికిచ్చారు. ఆయన ఎడంచేత్తో ఒక కొస పట్టుకున్నాడు. కుడిచెయ్యి లేవడం లేదు. ఒంటిచేత్తో పాగా చుట్టడం ఎవరివల్లా కాదు.

మేస్త్రి జనంలోకి చూసి నవ్వాడు. "ఏదీ మన వస్తాదు సెయ్యి? ఓ గుంటా, రా! ఆ కొస పట్టుకుని బేగి సుట్టు."

అర్థమైందా? వాడి తలకి పాగా నా చేత్తో చుట్టమన్నాడు.

నేను వెళ్ళాను. గుడ్డ కొస అందుకున్నాను. అది కొత్త గంజి వాసన వేస్తోంది. వాడి నూనె మీసం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. గుడ్డ వదిలేశాను. మట్టిలో పడింది.

"ముందు నా కర్ర ఆపమను. ఆపితే సుడతాను" అన్నాను.

డప్పులు ఆగిపోయాయి. ఎవరో పకపకా నవ్వారు. మేనల్లుడు నవ్వలేదు, పీట మీదనించి లేవనూ లేదు. నా కర్ర ఎలా వస్తుందో అక్కడున్న మగవాళ్ళందరికంటే వాడికే బాగా తెలుసు. మేస్త్రి మొహం నల్లబడింది. మా అయ్య తల వంచుకున్నాడు. ఆయన పని మేస్త్రి చేతిలో ఉంది. అమ్మ పరిగెత్తుకొచ్చి నా జడ పట్టుకుంది. "ఓలమ్మో, మా పరువు తీసీసినావే!"

నేను వస్తాదు వైపు చూశాను. వాన లేదు. రేకుల మీద చప్పుడు లేదు. ఆయన ఏమన్నా అందరికీ వినపడుతుంది.

"వొగ్గీండి, సిన్న గుంట" అన్నాడు.

పాగా మేస్త్రే చుట్టాడు. మర్నాడు తాలింఖానా నేల మీద పసుపునీళ్ళు చల్లించాడు. నేను తొక్కిన నేల కదా! నా కాళ్ళు చూసి నేర్చుకున్న సాము మాత్రం ఎవడూ కడుక్కోలేదు.

ఆ పొద్దున్నే అంబలి పట్టుకెళ్ళనని మొండికేశాను. అమ్మ చీపురు తిరగేసింది. వెళ్ళి చెంబు ఆయన ముందు ఠపీమని పెట్టాను. "సెయ్యికి ఆడేటి, మగేటి అన్నావు కదా తాతా. నిన్న ఆ మాట ఏటైపోనాది?"

"పాగా సెయ్యికి సుట్టరే. తలకి సుడతారు."

"నాకు తల నేదేటి?"

ఆయన చుట్ట ఆరిపోయింది. వెలిగించుకోలేదు. "ఆడగుంటని వస్తాదూ అని పిలిసినోడు మనోల్లల్లో ఎవుడూ నేడే. ఆడమనిసికి ఆ మాటే నేదు మనకి. నేని మాట నానెక్కణ్ణించి తెత్తాను?"

అదా సంగతి! మాట లేదట. నేర్పించుకోవడానికి నేను పనికొచ్చాను గానీ పిలవడానికి వీళ్ళ నోట్లో మాట లేదట. ఆ కోపంతో నేను అంబలి పెట్టి వచ్చేయడమే గానీ తాలింఖానా వైపు కన్నెత్తి చూడడం మానేశాను. ఎదురింటి పెరట్లో మాత్రం పాఠం ఆపలేదు.

దసరా వెళ్ళాక పౌర్ణమికి బర్మావాళ్ళ తదింజుత్ పండగ. వాళ్ళ వానాకాలపు వ్రతం ముగిసే దీపాల పండగ. వాళ్ళ పిల్లలు ఆ రోజు పెద్దవాళ్ళకీ, చదువు చెప్పినవాళ్ళకీ అరటిపళ్ళూ కొవ్వొత్తులూ పట్టుకెళ్ళి మోకాళ్ళ మీద వంగి దండం పెడతారు. సాయంత్రం బారకాసు మెట్ల మీద ఆడవాళ్ళందరూ చుట్టలతో కూర్చుని ఉన్నారు. మేస్త్రి కుర్చీ వేయించుకుని ఉన్నాడు. వస్తాదు గోడకానుకుని ఉన్నాడు. నేను అమ్మ పక్కన ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. ఎదురింట్లోంచి నా పిల్లలు బయల్దేరారు, జుట్టులో పూలు, పట్టు లుంగీలు, చేతుల్లో పళ్ళేలు. వీధి దాటి, నేరుగా వచ్చి, ఉల్లిపొట్టు అంటిన గౌనుతో కూర్చున్న నా ముందు తడినేల మీద మోకరిల్లారు. నుదుళ్ళు నేలకి ఆనించారు.

"సయామ" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

పెరట్లో నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేవాళ్ళు. వాళ్ళ బడిలో నేర్పే ఆవిడనీ అంతే అంటారు, నన్నూ అంతే అన్నారు. నేర్పే మగవాడు సయా, నేర్పే ఆడది సయామ. వాళ్ళకి ఆ మాట ఉంది! పుట్టినప్పటినించీ వీధికి అటుపక్కనే ఉంది.

మెట్ల మీద గోల మొదలైంది. "ఎవర్తే సాయమ్మ? మన బారకాసులో సాయమ్మ నేదే!" "మీ గుంట పేరు మార్చీసేరే ఈ బర్మావోలు!" అమ్మ బిత్తరపోయి, "ఒలే, లెగమనే వాల్లని! ఆయుస్సు తక్కువైపోద్ది!" అంటోంది. మేస్త్రి కుర్చీలో వెనక్కి వాలి పొట్ట పట్టుకుని నవ్వాడు. "సాయమ్మ! బాగుందిరా పేరు. ఓ సాయమ్మా! ఓ అరటిపండు ఇలగియ్యే!"

నేను నోరు తెరిచాను, ఆ మాటకి అర్థం చెప్పడానికి. మళ్ళీ మూసేసుకున్నాను. పిలవనీ! వందమందిలో పాగా ఇవ్వనన్న నోటితోనే, తెలియకుండా, పిలవనీ! అరటిపండు ఇచ్చాను. ఆ రోజునించి బారకాసులో నా అసలు పేరు పోయింది. "సాయమ్మా, మంచినీల్లట్రా!" అని మేస్త్రి అరిచినప్పుడల్లా లోపల నవ్వొచ్చేది, ఆ వెనకే ఒళ్ళు మండేది. తెలిసి పిలిస్తే కదా పిలిచినట్టు!

తెలిసినవాడు ఒక్కడున్నాడు. వస్తాదు. రేవులో బర్మావాళ్ళతో పాతికేళ్ళు పనిచేసిన మనిషి, వెదుళ్ళ బేరం వాళ్ళ మాటల్లోనే చేసే మనిషి. ఆ పిల్లలు ఏమన్నారో ఆయనకి అర్థం కాకుండా ఉండదు. కానీ ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నేను అంబలి తీసుకెళ్తే, "అక్కడెట్టు" అని, ఆ వెనక ఒక పిలుపు పిలిచాడు. నోట్లో చుట్ట. పై పళ్ళు లేవు. అది సాయమ్మో, సయామో నాకు తెలియలేదు.

రోజూ అంతే. చెవులు రిక్కించుకుని వినేదాన్ని. ఒకరోజు ఒకలా వినపడేది, ఇంకోరోజు ఇంకోలా.

ఆ తర్వాతి ఏడు వానలకి ముందు ఆయన ఊరికి వెళ్ళిపోయాడు. ఇక బస్తాలు మొయ్యలేడు. ఓడ దగ్గరికి మేమందరం వెళ్ళాం. కొత్త వస్తాదు మీసం మెలేసి పెట్టె మోశాడు. అందరూ దండాలు పెట్టాక నేను ముందుకెళ్ళి దండం పెట్టలేదు, అడిగాను.

"తాతా, నువ్వు నన్ను ఏటని పిలస్తన్నావు? ఇప్పుడైనా సెప్పు."

ఆయన చుట్ట ఈ బుగ్గనించి ఆ బుగ్గకి తోశాడు. "నీకేటినపడతంది?"

"నాకినపడింది కాదు. నువ్వన్నది సెప్పు!"

ఓడ కూత వేసింది. ఆయన మెట్లెక్కుతూ ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి, చుట్ట ఊగింది. అంతే.

చెప్పేస్తే ఏం పోయేది? ఓడెక్కేశాడు, మేస్త్రి ఆయన్ని చేసేదేం లేదు. ఒక్క మాట, మూడు అక్షరాలు. మిగతావాళ్ళందర్నీ ఎప్పుడో క్షమించేశాను. వాళ్ళకి తెలియదు. తెలిసిన ఆయన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. ఆయన నేర్పిన కాపు నా మోచేతుల్లో ఇప్పటికీ ఉంది కాబట్టే అంత కోపం.

నేను తర్వాత చాలామందికి నేర్పాను. బర్మా పిల్లలకీ, మన పిల్లలకీ. ఎవరైనా నా కర్రని ఆపేసి, ఇక తనే ఇంకొకరికి నేర్పగలదని నాకు నమ్మకం కుదిరిన రోజున, వీధిలోకి తీసుకొస్తాను. నలుగురూ చేరేదాకా ఆగుతాను. వాన ఉంటే వెలిసేదాకా ఆగుతాను. అప్పుడు ఆ మూడు అక్షరాలూ విడదీసి, వీధి చివరిదాకా వినపడేట్టు, ఆ పిల్లని ఒక్కసారి పిలుస్తాను. ఎవరి చెవికీ అనుమానం మిగలకూడదు.